దురభిప్రాయాలను ఎదిరించే ప్రకటనలు: ఏం మారుస్తాయి, ఏం మార్చలేవు

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికాలో జాతి, మత ద్వేషాలను ఎగతాళి చేస్తూ కొన్ని కార్టూన్లు వచ్చాయి. వాటిలో ప్రధాన పాత్ర మిస్టర్ బిగాట్. ఒక కార్టూన్‌లో ఆయన జబ్బుపడి మంచం మీద ఉంటాడు. తనకు రక్తం ఎక్కించవలసి వస్తే ఆరు తరాలుగా అమెరికన్లయిన వారి రక్తమే ఎక్కించాలని డాక్టరుకు షరతు పెడుతుంటాడు. ప్రాణం మీదికి వచ్చినా పుట్టుక గొప్పలు వదలని ఆ మనిషిని చూసి పాఠకుడు నవ్వుతాడని, నవ్వుతూనే అతడిలో తన పోలికలు గుర్తుపట్టి సిగ్గుపడతాడని వాటి వెనుక ఉన్న ఆశ.

యూనిస్ కూపర్, మేరీ జహోడా అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ప్రచారాన్ని చూసినవారి స్పందనలను పరిశీలించి 1947లో తమ ఫలితాలు ప్రచురించారు. ద్వేషం లేనివారికి కార్టూన్లలోని విషయం సులువుగానే అందింది. ఎవరిని మార్చాలని వేశారో వారిలో చాలామందికి మాత్రం అందలేదు. తెలివి చాలక అలా జరగలేదు. బిగాట్‌తో తమకు పోలిక ఉందని లోలోపల తోచిన మరుక్షణం వారు ఆ పోలికను తుడిచేసే పనిలో పడ్డారు. అతడు వేరే రకం మనిషి అనుకున్నారు, తమకూ అతడికీ ఉన్న తేడాలు వెతికారు, ఆ వెతుకులాటలో అసలు సంగతిని జారవిడిచారు. దురభిప్రాయాలను సవాలు చేసే ప్రకటనల గురించి ఈనాటికీ ఎవరు ఆలోచించినా ఈ పాత ఫలితం దగ్గరే మొదలుపెట్టాలి. ద్వేషించే మనిషి ముందు అద్దం పెడితే అతడు అందులోకి చూడడు.

అయితే ఇలాంటి ప్రకటనలన్నీ వృథా అని దీని అర్థమా? కాదనే నా అభిప్రాయం. అవి చేయగలిగిన పని ఒకటి ఉంది. వాటిని తీసేవారు సాధారణంగా చెప్పుకునే పని మాత్రం అది కాదు. ఈ తేడా తేలకపోవడం వల్లే ఈ ప్రకటనలపై చర్చ ప్రతిసారీ ఆకాశానికెత్తే పొగడ్తగానో, కొట్టిపారేసే విమర్శగానో ముగిసిపోతోంది.

ముందు చిక్కుముడిలోని పోగులను విడదీసి చూద్దాం. ఒక వర్గానికి చెందినవారంతా ఫలానా విధంగా ఉంటారన్న స్థిరపడిపోయిన ఊహ మూస అభిప్రాయం. ఆ ఊహకు అయిష్టమో, భయమో, చులకనో తోడైతే అది దురభిప్రాయం. ఈ రెండూ మనిషి లోపల ఉండేవి. మూడోది వేరు. చుట్టూ ఉన్నవారు ఏమనుకుంటున్నారు, ఏది ఆమోదిస్తారు, దేనికి ముఖం చిట్లిస్తారు అన్న అంచనా అది. మనకు ఇష్టం లేని పనులు ఎన్నో నలుగురూ హర్షిస్తారని చేస్తాం, నోటిదాకా వచ్చిన మాటలు ఎన్నో నలుగురూ నవ్వుతారని మింగేస్తాం. ప్రకటన ప్రధానంగా పనిచేసేది ఈ మూడోదాని మీద.

దీనికి బలమైన ఆధారం ప్రకటనల రంగంలో కాక రువాండాలో దొరికింది. 1994లో హుటూ తీవ్రవాదులు టుట్సీ వర్గాన్ని ఊచకోత కోసిన మారణహోమం తర్వాత అక్కడ సయోధ్యను ప్రోత్సహించేందుకు ఒక రేడియో ధారావాహిక ప్రసారమైంది. ఎలిజబెత్ లెవీ పాలక్ అనే సామాజిక మనస్తత్వవేత్త కొన్ని సమూహాలకు ఏడాదిపాటు ఆ ధారావాహికను, మరికొన్నింటికి ఆరోగ్యానికి సంబంధించిన వేరొక ధారావాహికను వినిపించి, 2009లో ఫలితాలను ప్రచురించారు. శ్రోతల వ్యక్తిగత నమ్మకాలలో పెద్ద మార్పు కనిపించలేదు. మారింది మరొకటి. వర్గాంతర వివాహాల విషయంలో, ఒకరినొకరు నమ్మే విషయంలో తమ సమాజంలో ఎలా నడుచుకోవాలన్న అవగాహన మారింది. చివరి రోజున ప్రతి సమూహానికీ ఒక టేప్ రికార్డరు, క్యాసెట్లు ఇచ్చి, వాటిని ఎవరి దగ్గర ఉంచాలో మీరే తేల్చుకోండని వదిలేశారు. ఆరోగ్య ధారావాహిక విన్నవారు ఎక్కువగా వాటిని స్థానిక పెద్దకు అప్పగించేందుకు మొగ్గారు. సయోధ్య ధారావాహిక విన్నవారు అలా అప్పగించేయకుండా చర్చించుకున్నారు, అందరూ కలిసి వాడుకునే మార్గం వెతికారు. మనసులోని నమ్మకం అలాగే ఉండగా నడవడిక కదిలింది.

ఏడాది పొడవునా విన్న కథే లోపలి నమ్మకాలను కదపలేకపోయినప్పుడు, అర నిమిషం ప్రకటన వాటిని తలకిందులు చేస్తుందని ఆశించడం అత్యాశే. కానీ 'ఇప్పుడు నలుగురూ ఇలా అనుకుంటున్నారు కాబోలు' అన్న అంచనాను కలిగించడానికి ప్రకటనకు ఉన్నంత వీలు మరే మాధ్యమానికీ లేదు. అది పదేపదే వస్తుంది, అందరికీ ఒకేసారి కనిపిస్తుంది, తాను చూసినదాన్ని పక్కవాళ్లూ చూశారని ప్రతి ఒక్కరికీ తెలుసు. పైగా, డబ్బు పెట్టి ప్రసారం చేయించిన కంపెనీ కొనేవారికి కోపం తెప్పించే సాహసం చేయదన్న నమ్మకం ఉండడంతో, జనాభిప్రాయం ఇప్పటికే ఇటు తిరిగిందన్న సూచన కూడా అందులో దాగి ఉంటుంది.

ఈ శక్తి ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడటానికి భారతదేశంలో ఏరియల్ 2015లో మొదలుపెట్టిన 'షేర్ ద లోడ్' ప్రచారం మంచి ఉదాహరణ. బట్టలు ఉతకడం ఆడవారి పని మాత్రమేనా అని అది అడిగింది. 2016లో వచ్చిన చిత్రంలో ఒక తండ్రి కూతురి ఇంటికి వస్తాడు. ఆఫీసు నుంచి వచ్చిన కూతురు ఫోన్‌లో మాట్లాడుతూనే వంట, పిల్లవాడి అవసరాలు, భర్తకు టీ అన్నీ చూసుకుంటూ ఇల్లంతా పరుగులు తీస్తుంటుంది. అల్లుడు టీవీ ముందు కూర్చుని ఉంటాడు. తాను ఏనాడూ భార్యకు సాయపడలేదని, కూతురు చూసి నేర్చుకున్నది దాన్నేనని తండ్రి ఉత్తరంలో క్షమాపణ చెప్పుకుంటాడు. ఇంటికి వెళ్లి తన బట్టలు తానే మెషీన్‌లో వేస్తాడు. ఈ చిత్రంలో దుర్మార్గుడు లేడు, నిలదీత లేదు. తప్పు తెలుసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. చూసే మగవాడికి తప్పించుకోవలసిన అద్దానికి బదులు వెంట నడవదగిన మనిషి కనిపించాడు. బిగాట్ కార్టూన్ చేయలేకపోయినది ఇదే.

ఫలితం మాటేమిటి? ఇంటిపని ఆడవారిదేనన్న మగవారు 2015లో 79 శాతం ఉండగా 2020 నాటికి 41 శాతానికి తగ్గారని కంపెనీ తన సర్వేలను చూపుతూ చెప్పింది. ఇది కంపెనీ చెప్పుకున్న లెక్క, పైగా ఆ మార్పులో ప్రకటన వాటా ఎంతో విడదీసి చెప్పే వీలు లేదు. దీని పక్కన ప్రభుత్వ గణాంక శాఖ జరిపే కాల వినియోగ సర్వేను పెట్టి చూడాలి. జీతం లేని ఇంటిపని చేసినవారిలో ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చించారని 2019 సర్వే తేల్చింది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. సర్వే ప్రశ్నకు ఇచ్చే జవాబు సగానికి సగం మారిన కాలంలో గడియారం లెక్క దాదాపు ఉన్నచోటే ఉంది. ఏది చెప్పుకోదగిన మాట, ఏది పైకి అనకూడని మాట అన్నది మారింది. అది చిన్న విషయం కాదు. మొదట మారవలసినది అదే కావచ్చు. అంతమాత్రాన ఇంటిపని చేసే చేతులు మారిపోయాయని చెప్పుకుంటే అది అసత్యమే అవుతుంది.

ఈ శక్తి మంచికి మాత్రమే వాడతారన్న హామీ కూడా ఏమీ లేదు. ఆడవారు బహిరంగంగా సిగరెట్ కాల్చడం తప్పు అన్న కట్టుబాటును ఛేదించడానికి 1929లో ప్రజాసంబంధాల నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేశాడు. వాటికి 'స్వేచ్ఛా జ్యోతులు' అని పేరు పెట్టాడు. వెనుక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ. సమానత్వ భావన నిజమైనదే, కట్టుబాటు అన్యాయమైనదే, దాన్ని ఛేదించినందువల్ల లాభపడింది మాత్రం పొగాకు. 1968లో వర్జీనియా స్లిమ్స్ సిగరెట్లు స్త్రీల హక్కుల ఉద్యమ భాషనే తమ నినాదంగా మార్చుకున్నాయి. కాబట్టి ఒక ప్రకటన ఏ దురభిప్రాయాన్ని ఎదిరిస్తోందని అడగడంతో సరిపెట్టుకోకుండా, ఎదిరించి ఏం అమ్ముతోందని కూడా అడగాలి.

అసలు కథనంలోనే ఒక ప్రకటన గెలవడమో ఓడడమో జరిగే చోటు ఒకటి ఉంది. శానిటరీ ప్యాడ్ల బ్రాండు ఆల్వేస్ 2014లో లారెన్ గ్రీన్‌ఫీల్డ్ దర్శకత్వంలో తీయించిన 'లైక్ ఎ గర్ల్' చిత్రాన్ని దగ్గరగా చూస్తే ఆ చోటు తెలుస్తుంది. కొందరు యువతీయువకులను, ఒక చిన్న బాబును కెమెరా ముందుకు పిలిచి, ఆడపిల్లలా పరుగెత్తి చూపించమన్నారు. వారు చేతులు అటూ ఇటూ విసురుతూ, జుట్టు సవరించుకుంటూ, నవ్వుతూ నాజూకుగా ఎగిరారు. తర్వాత చిన్న వయసు ఆడపిల్లలను పిలిచి అదే అడిగారు. వారు తల వంచి, పిడికిళ్లు బిగించి, ఉన్న శక్తినంతా పెట్టి పరుగెత్తారు. ఆడపిల్లలా పరుగెత్తడమంటే ఏమిటని అడిగితే, వీలైనంత వేగంగా పరుగెత్తడమని ఒక పాప జవాబిచ్చింది. వ్యాఖ్యాత ఎవరినీ మందలించలేదు. మొదట వచ్చినవారికి మళ్లీ పరుగెత్తే అవకాశం కూడా ఇచ్చారు. మూస అభిప్రాయం పుట్టుకతో రాదనీ, ఎక్కడో దారి మధ్యలో అంటుకుంటుందనీ ప్రేక్షకుడు తన కళ్లతో చూసి తానే తేల్చుకున్నాడు. మనం స్వయంగా చేరుకున్న నిర్ణయాన్ని మనమే తోసిపుచ్చడం కష్టం.

2019 జనవరిలో వచ్చిన జిల్లెట్ చిత్రాన్ని దీనితో పోల్చి చూడాలి. ఒక సన్నివేశంలో మగవాళ్లు వరుసగా పొయ్యిల వెనుక చేతులు కట్టుకుని నిలబడి, మగపిల్లలు అంతే మరి అన్న మాటను ఒకరి తర్వాత ఒకరు వల్లెవేస్తారు. ఆ వరుస తెర చివరిదాకా సాగుతుంది. తర్వాతి భాగంలో కొందరు ముందుకొచ్చి గొడవలు ఆపుతారు, పిల్లలను కాపాడతారు. ఉద్దేశంలో లోపం లేదు. కానీ చూసినవారి మనసులో నిలిచిపోయేది ఆ వరుస. ఎక్కువమంది ఇలాగే ఉంటారు అని అది చెబుతుంది. మిషెల్ డుగీడ్, మెలిస్సా థామస్-హంట్ 2015లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మూస అభిప్రాయాలు దాదాపు అందరికీ ఉంటాయని ముందుగా చెప్పినప్పుడు మనుషులు వాటిని మరింతగా వ్యక్తం చేశారు. చాలామంది వాటిని అధిగమించడానికి ప్రయత్నిస్తున్నారని చెప్పినప్పుడు అలా జరగలేదు. ఒక చెడు ఎంత విస్తృతంగా ఉందో చాటిచెప్పే ప్రచారం, తెలియకుండానే ఆ చెడుకు జనామోద ముద్ర వేస్తుంది. జిల్లెట్ చిత్రాన్ని ఆ ఏడాది కంపెనీ ప్రకటించిన 800 కోట్ల డాలర్ల ఆస్తి విలువ తగ్గింపుతో ముడిపెట్టి, ధర్మపన్నాలు చెబితే జరిగేది ఇదేనని కొందరు చంకలు గుద్దుకున్నారు. ఆ తగ్గింపుకు కరెన్సీ విలువల మార్పు, గడ్డం గీసుకునే అలవాటు తగ్గడం కారణాలని కంపెనీ వివరించింది. ఆ ప్రకటనను తప్పుపట్టడానికి అబద్ధపు లెక్కలు అక్కర్లేదు, దాని నిర్మాణంలోనే లోపం ఉంది.

ఒక మూసను పగలగొట్టబోయి మరో మూస పోసే ప్రమాదమూ ఉంది. 2012 లండన్ పారాలింపిక్స్‌కు బ్రిటన్‌లోని చానెల్ 4 'మీట్ ద సూపర్‌హ్యూమన్స్' అన్న ప్రచారం చేసింది. జాలి చూపులకు అలవాటుపడిన ప్రేక్షకులకు చెమటలు కక్కే, దెబ్బలు తగిలినా లేచి నిలబడే క్రీడాకారులను చూపించింది. అది గొప్ప ముందడుగని నేను నిస్సంకోచంగా అంటాను. అయినా వికలాంగుల నుంచే ఒక అభ్యంతరం వచ్చింది. అతిమానవులుగా ఉంటేనే గౌరవమా, ఉద్యోగం చేసుకుంటూ బస్సెక్కి ఇంటికి వెళ్లే మామూలు వికలాంగుడి సంగతేమిటి అని. ఆస్ట్రేలియా రచయిత్రి స్టెల్లా యంగ్ తాము ఇతరులకు స్ఫూర్తినిచ్చే వస్తువులం కాదని పదేపదే చెప్పింది ఇందుకే. జాలి ఎంత దూరం నెడుతుందో, హద్దులేని పొగడ్తా అంతే దూరం నెడుతుంది. 2016 చిత్రంలో క్రీడాకారులతో పాటు రోజువారీ పనుల్లో ఉన్న సాధారణ వికలాంగులకు కూడా చోటు దొరకడం ఆ దిశలో జరిగిన మార్పే.

కథ చెప్పే గొంతు ఎవరిదన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే. 2017లో విక్స్ తీసిన చిత్రంలో ఒక అమ్మాయి బోర్డింగ్ స్కూలుకు ప్రయాణిస్తూ తనను పెంచిన తల్లి గురించి చెబుతుంటుంది. తల్లి మాత్రం తనను డాక్టరుగా చూడాలనుకుంటోందని అంటుంది. ఆ తల్లి ట్రాన్స్‌జెండర్ హక్కుల కోసం పోరాడిన గౌరి సావంత్ అని ఆలస్యంగా తెలుస్తుంది. ఆమెకు లేని హక్కుల కోసం తాను లాయరు అవుతానని అమ్మాయి చెప్పేసరికి ప్రేక్షకుడికి ఆ తల్లిపై ఇష్టం ఏర్పడిపోయి ఉంటుంది. గౌరి స్వయంగా కనిపించకుండా వేరొక నటి ఆ తల్లి పాత్ర పోషించి ఉంటే ఈ చిత్రానికి సగం బలం కూడా ఉండేది కాదు.

ఇక ప్రకటన చెప్పేదానికీ కంపెనీ చేసేదానికీ ఉన్న దూరం. అందం గురించిన ఇరుకు ఊహలను ఎదిరిస్తూ డవ్ 2004లో ప్రచారం మొదలుపెట్టింది. 2006లో వచ్చిన దాని చిత్రం మేకప్‌తో, కంప్యూటర్‌తో ఒక మామూలు ముఖాన్ని హోర్డింగ్ ముఖంగా ఎలా మారుస్తారో ఒక్క నిమిషంలో బయటపెట్టింది. డవ్ యజమాని అయిన యూనిలీవరే ఆ కాలంలో చర్మం తెల్లబడితే పెళ్లి, ఉద్యోగం దొరుకుతాయన్న ప్రకటనలతో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మింది. 2020లో గాని ఆ పేరు గ్లో అండ్ లవ్లీగా మారలేదు. 2017లో పెప్సీ నిరసన ప్రదర్శనను రంగుల జాతరగా చూపి, ఒక మోడల్ పోలీసుకు కూల్‌డ్రింక్ అందించడంతో సమస్య తీరిపోయినట్లు తీసిన ప్రకటనను ఒక్క రోజులోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ప్రాణాలకు తెగించి వీధికెక్కినవారి పోరాటాన్ని అది అలంకారంగా వాడుకుంది.

అరుదుగా వచ్చే గొప్ప ప్రకటన కన్నా రోజూ వచ్చే వందలాది మామూలు ప్రకటనలు మన అంచనాలను ఎక్కువగా మలుస్తాయి కనుక, నియమావళి వైపు నుంచి జరిగే పనిని తక్కువగా చూడకూడదు. హానికరమైన లింగపరమైన మూసలను నిషేధించే నిబంధన బ్రిటన్‌లో 2019 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పసిపిల్లలను కన్వేయర్ బెల్టు మీద మరిచిపోయే తండ్రులను చూపిన ఫిలడెల్ఫియా చీజ్ ప్రకటన, మగవారు సాహసాలు చేస్తుండగా స్త్రీని పిల్లల బండి పక్కన కూర్చోబెట్టిన ఫోక్స్‌వ్యాగన్ ప్రకటన ఆ ఏడాది ఆగస్టులో ఆగిపోయాయి. భారతదేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి నల్లని చర్మాన్ని కించపరిచే ప్రకటనలపై 2014లో, లింగపరమైన మూసలపై 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటికి అవార్డులు రావు, వీటిని ఎవరూ షేర్ చేయరు. కానీ నలుగురూ అనుకునేది మారాలంటే మొదట పాత మాటను రోజూ వినిపించడం ఆగాలి.

చివరగా, నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం ప్రకటన విడుదలైన తర్వాత జరుగుతుంది. 2013లో అమెరికాలో చీరియోస్ అనే అల్పాహార ధాన్యపు బ్రాండు ఒక ప్రకటన విడుదల చేసింది. ఒక పాప తల్లి దగ్గరికి వచ్చి, ఇది గుండెకు మంచిదా అని అడుగుతుంది. అవునని తెలియగానే డబ్బా తీసుకుని పరుగెత్తుతుంది. మరుక్షణం సోఫాలో నిద్ర లేచిన తండ్రి ఛాతీ మీద నుంచి తృణధాన్యాలు జలజల రాలతాయి. తల్లి తెల్లజాతి స్త్రీ, తండ్రి నల్లజాతీయుడు. ప్రకటనలో ఆ సంగతి గురించి ఒక్క మాట కూడా లేదు, అది మామూలు కుటుంబం, అంతే. నా దృష్టిలో ఈ తరహా ప్రకటనల్లో ఇంత బలమైనవి కొన్నే ఉన్నాయి, ఎందుకంటే ఇది దేన్నీ సవాలు చేస్తున్నట్లు ప్రకటించుకోలేదు. యూట్యూబ్‌లో జాతి విద్వేషపు వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. కంపెనీ వ్యాఖ్యల పెట్టెను మూసేసింది, ప్రకటనను మాత్రం ఉంచింది. 2014లో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ప్రసారంలో అదే కుటుంబాన్ని మళ్లీ తెచ్చింది. ఈసారి నీకు తమ్ముడు పుట్టబోతున్నాడని తండ్రి చెబుతుంటే, అయితే కుక్కపిల్ల కూడా కావాలని పాప బేరం పెడుతుంది.

2020 అక్టోబరులో తనిష్క్ ప్రకటనకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. ముస్లిం కుటుంబం తమ హిందూ కోడలికి ఆమె సంప్రదాయం ప్రకారం సీమంతం చేస్తుంది. మీ ఇంట్లో ఈ ఆచారం లేదు కదా అని కోడలు అడిగితే, కూతురిని సంతోషంగా ఉంచే ఆచారం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా అని అత్తగారు బదులిస్తుంది. సోషల్ మీడియాలో దాడి మొదలైంది. దెబ్బతిన్న మనోభావాలను, సిబ్బంది భద్రతను కారణాలుగా చూపి సంస్థ ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. దుకాణంలో నిలబడే ఉద్యోగికి ప్రమాదం ఉందన్నప్పుడు ఆ నిర్ణయాన్ని తేలిగ్గా తప్పుపట్టలేం. ప్రభావం మాత్రం నిర్దాక్షిణ్యమైనది. ఆ ప్రకటన రాకపోయి ఉంటే, ఇలాంటి కుటుంబాల గురించి నలుగురూ ఏమనుకుంటారో ఎవరికీ స్పష్టంగా తెలిసేది కాదు. వచ్చి, వెనక్కి పోయాక, నలుగురూ ఒప్పుకోరన్న సందేశం దేశమంతటికీ చేరింది. ఒప్పుకునేవారు ఎక్కువమంది ఉన్నా వారి మాట వినపడే అవకాశం పోయింది, గొంతు పెద్దదైనవారే సమాజం అన్న అంచనా గట్టిపడింది. 2023లో బడ్ లైట్ ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌కు బీరు డబ్బా పంపి, బహిష్కరణ పిలుపులు రాగానే ఆమె పక్షాన నిలబడలేక, విడిచిపెట్టానని పైకి అనలేక, ఇరువైపులా నమ్మకాన్ని పోగొట్టుకుంది. ఆమె మీద పడిన దాడిని మాత్రం ఆమె ఒక్కతే ఎదుర్కొంది.

అందువల్ల ఏ సంస్థ అయినా ఇలాంటి ప్రకటనకు పూనుకునే ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న కథ గురించి కాదు. మొదటి వారంలో బెదిరింపులు వస్తే దుకాణాల దగ్గర సిబ్బందికి రక్షణ ఎలా కల్పిస్తారు, తెరపై కనిపించిన మనుషుల వెంట ఎవరు నిలబడతారు, అమ్మకాలు కొన్ని నెలలు తగ్గినా ప్రకటనను కొనసాగించేందుకు యాజమాన్యం ముందే రాతపూర్వకంగా ఒప్పుకుందా లేదా? వీటికి జవాబు లేని కంపెనీ ఆ కథను ముట్టుకోకపోవడమే, ఆ కథలోని మనుషులకు అది చేయగల మేలు.